జయప్రద: రాజమండ్రి నుంచి రాంపూర్ దాకా (తరచుగా అడిగే ప్రశ్నలు)

జయప్రద పేరు వినగానే తెలుగువాళ్ళకు సాగరసంగమం మాధవి గుర్తొస్తుంది. ఉత్తరాది వాళ్ళకు సర్గమ్, షరాబీ, ఆ తర్వాత ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్ ఎన్నికలు గుర్తొస్తాయి. అందుకే ఆమె గురించి అడిగే ప్రశ్నలు రెండు వైపుల నుంచి వస్తుంటాయి. సినిమా సంగతులు తెలిసినవాళ్ళకు రాజకీయం దగ్గర గందరగోళం, రాజకీయం చదివినవాళ్ళకు సినిమాల దగ్గర తికమక. ఎక్కువగా అడిగేవాటికి జవాబులు ఇవి.

అసలు పేరేమిటి? ఎక్కడ పుట్టారు?

అసలు పేరు లలితారాణి. 1962 ఏప్రిల్ 3న రాజమండ్రిలో పుట్టారు. తండ్రి కృష్ణారావు సినిమాలకు పెట్టుబడి పెట్టేవారు, కాబట్టి సినిమా గాలి ఇంట్లో ముందునుంచీ ఉంది. చిన్నప్పుడే నాట్యం, సంగీతం నేర్చుకున్నారు.

తెరమీదికి ఎలా వచ్చారు?

స్కూలు వార్షికోత్సవంలో చేసిన డాన్సు వల్ల. అది చూసి భూమికోసం (1974) సినిమాలో ఒక పాటకు అడిగారు. ఆ పాట మూడు నిమిషాలు, పారితోషికం 10 రూపాయలు. దర్శకుడు కె.బి. తిలక్. జయప్రద అన్న పేరు పెట్టింది నటుడు ఎం. ప్రభాకరరెడ్డి. అప్పటికి ఆమెకు 12 ఏళ్ళు. ఆ పాట రష్‌లు (ఎడిటింగ్‌కు ముందరి ముక్కలు) చూసిన పెద్దవాళ్ళ నుంచే తర్వాతి అవకాశాలు వచ్చాయి.

ఆమె గురించి రాసేవాళ్ళంతా 1976ను ఎందుకంత గట్టిగా చెబుతారు?

ఆ ఒక్క ఏడాదిలో ముగ్గురు పెద్ద దర్శకుల చేతుల్లో మూడు రకాల పాత్రలు చేశారు కాబట్టి. కె. బాలచందర్ తీసిన అంతులేని కథలో ఉద్యోగం చేసి ఇంటిల్లిపాదినీ పోషించే సరిత. కె. విశ్వనాథ్ సిరిసిరిమువ్వలో మాటలు రాని నాట్యకత్తె హైమ. బాపు సీతాకల్యాణంలో సీత.

వయసు లెక్క వేసుకుంటే అంతులేని కథ విడుదలయ్యేసరికి ఆమెకు 14 ఏళ్ళు కూడా నిండలేదు. అన్న బాధ్యత లేకుండా తిరుగుతుంటే, తండ్రి ఇల్లు వదిలి వెళ్ళిపోతే, తన పెళ్ళిని పక్కన పెట్టి మళ్ళీ ఆఫీసుకు బయలుదేరే ఆడమనిషి పాత్ర అది. తమిళంలో సుజాత చేసిన పాత్రను తెలుగులో ఒక పద్నాలుగేళ్ళ పిల్ల మోయగలగడం మామూలు విషయం కాదు. ఇంటిపని, ఆఫీసు పని, విసుగు, కోపం అన్నీ సరిత నడకలోనూ చీరకొంగు విసురులోనూ కనిపిస్తాయి. తర్వాత హిందీలో ఆమెకు ఇలాంటి కోపం ఉన్న పాత్రలు పెద్దగా రాలేదు. ఆమె హిందీ కెరీర్ గురించి మాట్లాడేటప్పుడు మా మనసుకు లోటుగా అనిపించే సంగతి ఇదే. అంతులేని కథ హిందీలోకి వెళ్ళినప్పుడు (జీవన్ ధారా, 1982) ఆ పాత్ర రేఖ చేశారు.

మరుసటి ఏడాది, 1977లో ఎన్టీఆర్‌తో అడవిరాముడు వచ్చింది. రాఘవేంద్రరావు తీసిన ఆ సినిమాతో ఆమె పేరు ఊరూరా పాకింది. అదే ఏడాది యమగోల, కన్నడంలో రాజ్‌కుమార్ సరసన సనాది అప్పణ్ణ కూడా వచ్చాయి.

హిందీ రాకుండా హిందీలో హీరోయిన్ ఎలా అయ్యారు?

మాటలు లేని పాత్రతో. సిరిసిరిమువ్వను విశ్వనాథే హిందీలో సర్గమ్ (1979) పేరుతో తీశారు. తెలుగులో చంద్రమోహన్ చేసిన పాత్రను అక్కడ రిషీ కపూర్ చేశారు. హీరోయిన్ పాత్ర మూగది కాబట్టి భాష అడ్డం రాలేదు. తెలుగులో ఒకసారి చేసి ఉన్న పాత్ర కావడంతో ఏ చోట చూపు ఆపాలో, ఏ చరణంలో పాదం తేలికపడాలో ఆమెకు ముందే తెలుసు. లక్ష్మీకాంత్-ప్యారేలాల్ సంగీతం, ఆ డఫ్లీ పాట దేశమంతా మోగిపోయాయి. ఫిలింఫేర్‌లో ఉత్తమ నటి నామినేషన్ కూడా వచ్చింది.

అసలు ఇబ్బంది ఆ తర్వాత మొదలైంది. మాటలున్న పాత్ర వస్తే ఏం చేయాలి? డబ్బింగ్‌తో ఒకటి రెండు సినిమాలు నెట్టుకు రావచ్చు. కానీ హిందీలో డైలాగు పలికేటప్పుడు ఒత్తులు తప్పితే హాల్లో జనానికి వెంటనే తెలిసిపోతుంది. పైగా సెట్లో ఎదుటివాళ్ళ డైలాగు అర్థం కాకపోతే ముఖంలో స్పందన అరక్షణం ఆలస్యంగా వస్తుంది. డబ్బింగ్ మాటను సరిచేస్తుంది, కళ్ళలో ఆ ఆలస్యాన్ని సరిచేయలేదు. దక్షిణాది నుంచి వెళ్ళిన చాలామంది ఈ చోటే ఆగిపోయారు.

జయప్రద భాష నేర్చుకున్నారు. మళ్ళీ విశ్వనాథే కామ్‌చోర్ (1982) తీశారు. ఇది ఆయన సొంత శుభోదయానికి (1980) హిందీ రూపం, హీరో రాకేశ్ రోషన్. ఇందులో తన హిందీ తనే మాట్లాడారు. హిందీలో ఆమె నిజంగా నిలదొక్కుకుంది ఈ సినిమాతోనే. సర్గమ్‌ను చూసి కామ్‌చోర్‌ను వదిలేసేవాళ్ళు సగం కథే చూసినట్టు.

ఆమె హిందీ సినిమాల్లో తెలుగు కథలు ఎన్ని ఉన్నాయి?

చాలా ఉన్నాయి. ఆ కాలంలో మద్రాసు, హైదరాబాదుల నుంచి తెలుగు నిర్మాతలు, దర్శకులు హిందీలో వరసగా సినిమాలు తీస్తున్నారు. జితేంద్ర వాళ్ళకు దాదాపు ఆస్థాన హీరో. జయప్రద హిందీ బాట చాలావరకు ఈ దారిలోనే పడింది. ముఖ్యమైనవి చెబుతాం.

యమగోల హిందీలో లోక్ పర్‌లోక్ (1979) అయింది, తాతినేని రామారావు దర్శకత్వంలో. చుట్టాలున్నారు జాగ్రత్త, మవాలీ (1983) అయింది. పద్మాలయా వాళ్ళది, దర్శకుడు కె. బాపయ్య. ముందడుగు, మక్సద్ (1984) అయింది. విశ్వనాథ్ తీసిన జీవనజ్యోతి, ఆయన చేతిలోనే సంజోగ్ (1985) అయింది. తెలుగులో వాణిశ్రీ చేసిన పాత్ర హిందీలో జయప్రదకు వచ్చింది, దానికి ఫిలింఫేర్ నామినేషన్ కూడా దక్కింది. వీటిలో తోఫా (1984) ప్రత్యేకం. సురేశ్ ప్రొడక్షన్స్ దేవత (1982)కు అది హిందీ రూపం. రాఘవేంద్రరావే రెండూ తీశారు. తెలుగులో అక్కాచెల్లెళ్ళుగా చేసిన జయప్రద, శ్రీదేవి హిందీలోనూ అవే పాత్రలు చేశారు. మారింది హీరో, శోభన్‌బాబు స్థానంలో జితేంద్ర.

ఈ చట్రంలో లేని పెద్ద సినిమా షరాబీ (1984). ప్రకాశ్ మెహ్రా దర్శకుడు, అమితాబ్ బచ్చన్ హీరో. దీనికీ నామినేషన్ వచ్చింది. సర్గమ్, షరాబీ, సంజోగ్: హిందీ ఫిలింఫేర్ ఉత్తమ నటి జాబితాలో ఆమె పేరు కనిపించేది ఈ మూడింటికి.

హిందీలో అంత బిజీగా ఉంటే తెలుగు వదిలేశారా?

లేదు. సరిగ్గా ఆ ఏళ్ళలోనే తెలుగులో ఆమె ఉత్తమ నటన వచ్చింది. 1982లో దాసరి నారాయణరావు మేఘసందేశం, 1983లో విశ్వనాథ్ సాగరసంగమం. మేఘసందేశానికి ఉత్తమ తెలుగు చిత్రం, సంగీతం (రమేశ్ నాయుడు), గాయకుడు (ఏసుదాసు), గాయని (సుశీల) జాతీయ అవార్డులు వచ్చాయి. సాగరసంగమానికి ఆమెకు ఫిలింఫేర్ తెలుగు ఉత్తమ నటి అవార్డు వచ్చింది.

సాగరసంగమంలో ఢిల్లీ నృత్యోత్సవం ఆహ్వానపత్రిక సన్నివేశం ఒక్కసారి మళ్ళీ చూడండి. బాలు (కమల్‌హాసన్) పేజీలు తిప్పుతూ మహామహుల ఫొటోలు చూసి ఒక్కొక్కరికీ దణ్ణం పెట్టుకుంటూ వెళ్తాడు. తర్వాతి పేజీలో తన ఫొటో ఉంటుంది. ఆ సన్నివేశం కమల్‌హాసన్‌ది, అందులో అనుమానం లేదు. కానీ దాన్ని ఏర్పాటు చేసిన మనిషి మాధవి. ఆ అమ్మాయి ముఖంలో చేసినదాని గురించి గొప్ప ఎక్కడా కనిపించదు, అతను ఎలా తట్టుకుంటాడో అన్న ఆతృత మాత్రమే కనిపిస్తుంది. ఎదుటివాడి సన్నివేశంలో అలా ఒదిగి ఉండటం చాలా పెద్ద నటులకే వస్తుంది.

మిగతా భాషల్లో?

కన్నడంలో సనాది అప్పణ్ణ తర్వాత కవిరత్న కాళిదాస (1983), చాలా ఏళ్ళకు శబ్దవేధి (2000), మూడూ రాజ్‌కుమార్‌తో. తమిళంలో నినైత్తాలే ఇనిక్కుం (1979). తెలుగులో ఇదే అందమైన అనుభవం. 2008లో దశావతారంలో పాప్ గాయకుడి భార్య పాత్ర. మలయాళంలో దేవదూతన్ (2000), ప్రణయం (2011). ప్రణయంలో మోహన్‌లాల్, అనుపమ్ ఖేర్ మధ్య నడివయసు దాటిన ప్రేమకథలో ఆమె నటన హుందాగా ఉంటుంది. ఆ సినిమా విడుదలయ్యేనాటికి ఆమె రాంపూర్ ఎంపీ.

ఎంపీగా ఉంటూ సినిమాల్లో నటించవచ్చా?

నటించవచ్చు. ఎంపీకి ఇతర వృత్తి ఉండకూడదన్న నిషేధం లేదు. నిషేధం ఉన్నది ప్రభుత్వం కింద లాభదాయక పదవికి. సినిమాలో వేషం ప్రభుత్వ పదవి కాదు. సరిగ్గా ఈ తేడా తెలియక చాలామంది 2006 నాటి వేరే సంగతిని జయప్రదకు అంటగడతారు. ఆ ఏడాది లాభదాయక పదవి కారణంగా రాజ్యసభ సభ్యత్వం పోయింది జయా బచ్చన్‌కు, ఉత్తరప్రదేశ్ ఫిల్మ్ డెవలప్‌మెంట్ కౌన్సిల్ అధ్యక్ష పదవి వల్ల. ఇద్దరూ సమాజ్‌వాదీ పార్టీ, ఇద్దరూ నటీమణులు, ఇద్దరి పేర్లలోనూ జయ. పాత వార్తలు వెతికేటప్పుడు జాగ్రత్తగా చూడాలి. మన దగ్గర ఇంకో గందరగోళం జయసుధతో. 2009లో సికింద్రాబాద్ నుంచి కాంగ్రెస్ ఎమ్మెల్యేగా గెలిచింది జయసుధ.

రాజకీయాల్లోకి ఎప్పుడు, ఎవరి పిలుపుతో వచ్చారు?

1994లో, ఎన్టీఆర్ పిలిస్తే తెలుగుదేశంలో చేరారు. ఆ ఏడాది చివర్లో జరిగిన శాసనసభ ఎన్నికల్లో తెలుగుదేశం ఘనవిజయం సాధించింది. 1995 ఆగస్టులో పార్టీ చీలినప్పుడు చంద్రబాబు నాయుడు వైపు నిలిచారు. పార్టీ మహిళా విభాగమైన తెలుగు మహిళకు అధ్యక్షురాలిగా పనిచేశారు. 1996లో ఆంధ్రప్రదేశ్ నుంచి రాజ్యసభకు వెళ్ళారు.

రాజ్యసభకు జనం ఓటేశారా?

లేదు, ఎమ్మెల్యేలు వేస్తారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు రాజ్యసభలో 18 స్థానాలు, శాసనసభలో 294 మంది ఎమ్మెల్యేలు. రెండేళ్ళకోసారి మూడో వంతు, అంటే ఆరు స్థానాలు ఖాళీ అయ్యేవి. లెక్క ఇలా ఉంటుంది: 294ను ఆరుకు ఒకటి కలిపి ఏడుతో భాగిస్తే 42, దానికి ఒకటి కలిపితే 43. అంటే 43 మంది ఎమ్మెల్యేల మొదటి ప్రాధాన్య ఓటు ఉంటే సీటు ఖాయం. సభలో భారీ బలం ఉన్న పార్టీ పేరు ప్రకటించిందంటే గెలుపు దాదాపు అక్కడే తేలిపోతుంది. కనీస వయసు 30. అప్పటికి ఆమెకు 34.

కాబట్టి 1996 నాటి పదవిని ఆమె ప్రజాదరణకు కొలమానంగా తీసుకోవడం సరికాదు. ఆమె నేరుగా జనం ముందు ఓటు అడిగిన మొదటి ఎన్నిక 2004, అదీ సొంత రాష్ట్రంలో కాదు. ఆంధ్రప్రదేశ్‌లో ఆమె లోక్‌సభకు ఎప్పుడూ పోటీ చేయలేదు.

తెలుగు మనిషి ఉత్తరప్రదేశ్‌లో ఎలా పోటీ చేయగలిగారు? చట్టం ఒప్పుకుంటుందా?

ఒప్పుకుంటుంది. లోక్‌సభకు పోటీ చేయాలంటే దేశంలో ఏదో ఒక లోక్‌సభ నియోజకవర్గంలో ఓటరై ఉంటే చాలు, 25 ఏళ్ళు నిండాలి. పోటీ చేసే చోటే ఓటు ఉండాలన్న నియమం లేదు. రాజ్యసభకు మాత్రం 1996 నాటికి ఆ రాష్ట్రంలోనే ఓటరై ఉండాలి. ఆ నియమాన్ని 2003లో తీసేశారు.

బయటి అభ్యర్థికి చిక్కు వచ్చేది నామినేషన్ దగ్గర. తన ఓటు ఉన్న నియోజకవర్గం ఓటర్ల జాబితాలో తన పేరున్న భాగం ధ్రువీకృత ప్రతిని రిటర్నింగ్ అధికారికి ఇవ్వాలి. నామినేషన్‌తో జతచేయకపోతే పరిశీలన సమయానికైనా చూపాలి. అది లేకపోతే ఎంత పెద్ద పేరున్నా నామినేషన్ తిరస్కరిస్తారు. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక్క ప్రతిపాదకుడు చాలు, స్వతంత్ర అభ్యర్థికి పదిమంది కావాలి. వాళ్ళు మాత్రం ఆ నియోజకవర్గం ఓటర్లే అయి ఉండాలి. డిపాజిట్ 2004, 2009లలో జనరల్ అభ్యర్థికి 10,000 రూపాయలు. 2010 నుంచి 25,000. ఇక వేరే చోట ఓటున్న అభ్యర్థి తన ఓటు తనకు వేసుకోలేరు, ఇది చాలామందికి తట్టదు.

రాంపూరే ఎందుకు? 2004లో ఎలా గెలిచారు?

తెలుగుదేశంలో చంద్రబాబుతో విభేదాల తర్వాత బయటికొచ్చి సమాజ్‌వాదీ పార్టీలో చేరారు. రాంపూర్ మొరాదాబాద్‌కు, బరేలీకి మధ్య ఉన్న పాత నవాబుల సంస్థానం. రజా లైబ్రరీ, రాంపూర్ కత్తులు, హిందుస్తానీ సంగీతంలో రాంపూర్-సహస్వాన్ ఘరానా ఆ ఊరి గుర్తులు. 1952లో మౌలానా ఆజాద్ లోక్‌సభకు గెలిచింది ఇక్కడి నుంచే. ఓటర్లలో దాదాపు సగం ముస్లింలు. నవాబుల కుటుంబానికి చెందిన బేగం నూర్ బానో కాంగ్రెస్ తరఫున అక్కడ రెండుసార్లు ఎంపీగా చేశారు.

2004లో జయప్రదకు 2,89,390 ఓట్లు, నూర్ బానోకు 2,03,916 ఓట్లు. మెజారిటీ 85,474. అప్పుడు రాంపూర్‌లో సమాజ్‌వాదీ పార్టీ యంత్రాంగమంతా స్థానిక నాయకుడు ఆజం ఖాన్ చేతిలో ఉంది, అది ఆమె వెనక నిలబడింది. సినిమా ముఖం సభలకు జనాన్ని రప్పిస్తుంది. ఆ జనాన్ని పోలింగ్ రోజు ఇంటి నుంచి బూత్‌కు తీసుకెళ్ళేది మాత్రం వార్డులో పేరు పేరునా ఓటరు తెలిసిన కార్యకర్త. 2004లో ఆమెకు రెండూ కలిశాయి. నవాబుల కోటకు ఎదురు నిలిచిన పార్టీ, దానికి తోడు అందరికీ తెలిసిన ముఖం.

2009లో అదే పార్టీ, అదే ప్రత్యర్థి. మెజారిటీ ఎందుకు తగ్గింది?

ఈసారి సొంత పార్టీ నాయకుడే ఎదురు తిరిగాడు. ఆజం ఖాన్‌కు, అదే పార్టీలోని మరో నాయకుడు అమర్ సింగ్ వర్గంలో ఉన్న జయప్రదకు మధ్య పూడ్చలేని దూరం పెరిగింది. ఆయన బహిరంగంగానే ఆమె అభ్యర్థిత్వాన్ని వ్యతిరేకించారు. ఫలితం: జయప్రద 2,30,724, నూర్ బానో 1,99,793, మెజారిటీ 30,931. ఎన్నికలైన వెంటనే, 2009 మేలో, ఆజం ఖాన్‌ను పార్టీ బహిష్కరించింది.

మా దృష్టిలో ఆమె రాజకీయ జీవితంలో అసలైన గెలుపు 2004 కాదు, 2009. స్థానిక యంత్రాంగం చేతులెత్తేసిన చోట, భాష నేర్చుకుని వెళ్ళిన ఊళ్ళో, అయిదేళ్ళ పని చూపించి గెలవడం తేలిక కాదు. దీన్ని సినిమా గ్లామర్ ఖాతాలో వేసేవాళ్ళు 58 వేలకు పైగా తగ్గిన ఓట్లను చూడాలి. గ్లామర్ ఒక్కటే పనిచేసి ఉంటే అన్ని ఓట్లు తగ్గవు. అంత వ్యతిరేకత మధ్య గ్లామర్ ఒక్కటే ఆమెను ఒడ్డున పడేయగలిగేదీ కాదు.

2010లో పార్టీ బహిష్కరించాక కూడా 2014 దాకా ఎంపీగా ఎలా కొనసాగారు?

అందరూ అడిగే ప్రశ్న, అందరూ తప్పుగా చెప్పే జవాబు. 2010 ఫిబ్రవరిలో అమర్ సింగ్‌తో పాటు ఆమెను పార్టీ వ్యతిరేక కార్యకలాపాల కింద సమాజ్‌వాదీ పార్టీ బహిష్కరించింది. ఫిరాయింపుల నిరోధక చట్టం, అంటే రాజ్యాంగం పదో షెడ్యూలు, రెండు సందర్భాల్లో సభ్యత్వం తీసేస్తుంది. ఒకటి, సభ్యుడు తనంతట తాను పార్టీ వదిలితే. రెండు, పార్టీ విప్‌ను (సభలో ఎలా ఓటేయాలో పార్టీ ఇచ్చే ఆదేశాన్ని) ధిక్కరించి ఓటేస్తే లేదా ఓటింగ్‌కు రాకపోతే. పార్టీయే గెంటేస్తే సభ్యత్వం పోతుందని షెడ్యూలులో ఎక్కడా లేదు. కాబట్టి బహిష్కరణ వల్ల ఆమె సీటుకు వెంటనే ముప్పు రాలేదు.

అయితే ఇక్కడ ఒక ముడి ఉంది. 1996లో తమిళనాడుకు సంబంధించిన జి. విశ్వనాథన్ కేసులో సుప్రీంకోర్టు, బహిష్కరణకు గురైన సభ్యుడు కూడా చట్టం దృష్టిలో తను ఏ పార్టీ తరఫున గెలిచాడో ఆ పార్టీ సభ్యుడిగానే లెక్క అని చెప్పింది. అంటే గెంటేసిన పార్టీ విప్ జారీ చేస్తే పాటించాలి, పాటించకపోతే సభ్యత్వం పోతుంది; వేరే పార్టీలో చేరినా పోతుంది. పార్టీ సమావేశానికి రానివ్వరు, పార్టీ ఆజ్ఞ మాత్రం తప్పదు. ఆ సమయంలోనే మహిళా రిజర్వేషన్ బిల్లు వేడి మీద ఉంది. 2010 మార్చిలో రాజ్యసభ దాన్ని ఆమోదించింది, సమాజ్‌వాదీ పార్టీ తీవ్రంగా వ్యతిరేకించింది. అది లోక్‌సభకు వస్తే ఈ విప్ చిక్కు జయప్రదకు నేరుగా ఎదురయ్యేది.

అమర్ సింగ్, జయప్రద సుప్రీంకోర్టుకు వెళ్ళారు. ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం 2010 నవంబరులో ఆ ప్రశ్నను పెద్ద ధర్మాసనానికి పంపింది, ఈలోగా వాళ్ళ సభ్యత్వాలకు రక్షణ ఇచ్చింది. అలా ఆమె పార్టీలేని సభ్యురాలిగా 2014 దాకా కొనసాగారు. 2016 ఆగస్టులో కేసు మళ్ళీ విచారణకు వచ్చేసరికి ఇద్దరి పదవీకాలాలూ అయిపోయాయి, కాబట్టి ప్రశ్నలోకి వెళ్ళడం లేదని కోర్టు ముగించింది. బహిష్కరించిన పార్టీ విప్ ఆ సభ్యుణ్ణి కట్టేస్తుందా అన్నదానికి ఆ కేసులో తుది జవాబు రాలేదు. పార్టీలు ఎంపీలను బహిష్కరించినప్పుడల్లా ఈ కేసు పేరు ఇప్పటికీ వినిపిస్తుంది. ఆమె పేరు సినిమా పుస్తకాల్లోనే కాదు, రాజ్యాంగ చర్చల్లోనూ నిలిచిపోవడానికి కారణం ఇదే.

సొంత పార్టీ పెట్టారంటారు, నిజమేనా?

పెట్టింది అమర్ సింగ్, 2011లో, పేరు రాష్ట్రీయ లోక్ మంచ్. జయప్రద ఆయనతో కలిసి ప్రచారం చేశారు. 2012 ఉత్తరప్రదేశ్ శాసనసభ ఎన్నికల్లో 403 స్థానాలకు 360 చోట్ల పోటీ చేసి ఒక్కటీ గెలవలేదు.

2014లో ఎందుకు అంత ఘోరంగా ఓడిపోయారు?

2014 మార్చిలో అజిత్ సింగ్ రాష్ట్రీయ లోక్‌దళ్‌లో చేరి బిజ్నోర్ నుంచి నిలబడ్డారు. 24 వేల పైచిలుకు ఓట్లు వచ్చాయి, డిపాజిట్ పోయింది. డిపాజిట్ దక్కాలంటే చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటాలి. గెలిచింది బీజేపీ అభ్యర్థి భారతేంద్ర సింగ్. పార్టీ మారడం, నియోజకవర్గం మారడం, ప్రచారానికి నెల రోజులు మాత్రమే దొరకడం, పైగా పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో ఆ ఏడాది వీచిన గాలి. వీటిలో ఏ ఒక్కటైనా తట్టుకోవచ్చు, నాలుగూ ఒకేసారి వస్తే ఎవరూ తట్టుకోలేరు. పదేళ్ళు పనిచేసిన రాంపూర్ వదలడమే పెద్ద పొరపాటు అన్నది మా అభిప్రాయం.

2019లో ఓడిపోయినా గెలిచినప్పటికంటే ఎక్కువ ఓట్లు వచ్చాయట, నిజమా?

నిజమే. 2019 మార్చిలో బీజేపీలో చేరి మళ్ళీ రాంపూర్‌కే వచ్చారు. ఎదురుగా ఆజం ఖాన్, సమాజ్‌వాదీ పార్టీ అభ్యర్థిగా. ఆయనకు 5,59,177, ఆమెకు 4,49,180, తేడా 1,09,997. ఆమె గెలిచిన 2009లో వచ్చినవి 2,30,724 మాత్రమే. కారణం పోటీ ఆకారం. 2009లో ఓట్లు చాలామంది మధ్య చీలాయి. 2019లో సమాజ్‌వాదీ, బీఎస్పీ, రాష్ట్రీయ లోక్‌దళ్ ఒక్కటై నిలబడటంతో పోరు ఇద్దరి మధ్యే నడిచింది. బీజేపీ ఓటు ఆమెకు గంపగుత్తగా పడింది, కానీ కూటమి ఓటు దానికంటే పెద్దది. అందుకే ఓట్ల సంఖ్య ఒక్కటే చూసి బలం కొలవకూడదు, ఎంతమంది మధ్య పోటీ జరిగిందో కూడా చూడాలి.

ఆ ప్రచారంలోనే ఆజం ఖాన్ ఆమె మీద చేసిన వ్యాఖ్యలకు ఎన్నికల సంఘం ఆయన్ను 72 గంటలు ప్రచారానికి దూరంగా ఉంచింది. ఆ మాటలు ఇక్కడ రాయడం మాకు ఇష్టం లేదు. తెరమీద పనిచేసిన స్త్రీ ఓటు అడగడానికి వస్తే ఆమె విధానాల మీద కాకుండా ఆమె శరీరం మీద మాట్లాడటం మన ఎన్నికల్లో పాత జబ్బు. దాన్ని ఆమె నిలబడి ఎదుర్కొన్నారు.

ఎంపీగా ఆమె చేతిలో ఎంత నిధి ఉండేది?

ఎంపీ నియోజకవర్గ నిధి 1996లో ఏడాదికి కోటి, 1998-99 నుంచి 2 కోట్లు, 2011-12 నుంచి 5 కోట్లు. రాజ్యసభ సభ్యురాలిగా ఉన్నప్పుడు ఎన్నికైన రాష్ట్రంలో ఏ జిల్లాలోనైనా పనులు సిఫారసు చేయవచ్చు. లోక్‌సభ సభ్యురాలిగా ప్రధానంగా సొంత నియోజకవర్గానికే. డబ్బు ఎంపీ చేతికి రాదు. ఎంపీ సిఫారసు చేస్తారు, జిల్లా యంత్రాంగం మంజూరు చేసి పని చేయిస్తుంది. పనుల వివరాలు కావాలంటే ముందుగా జిల్లా కార్యాలయంలో అడగాలి.

ఆమె రికార్డు స్వయంగా చూడాలంటే ఏ పేరుతో వెతకాలి?

జయప్రద నాహటా అనే పేరుతో. పార్లమెంటు, ఎన్నికల పత్రాల్లో భర్త ఇంటిపేరు కలిసి ఉంటుంది. నిర్మాత శ్రీకాంత్ నాహటాతో పెళ్ళి 1986లో జరిగింది. జయప్రద అని మాత్రమే కొడితే సగం ఫలితాలు జారిపోతాయి. పేరును ఒక పదంగానూ రెండు పదాలుగానూ విడగొట్టి చూడాలి. 1996-2002కు రాజ్యసభ వెబ్‌సైట్, 2004-2014కు లోక్‌సభ వెబ్‌సైట్, అఫిడవిట్లకు ఎన్నికల సంఘం వెబ్‌సైట్. రెండు సభల రికార్డులూ వేర్వేరు చోట్ల ఉంటాయి కాబట్టి, ఒకటి చూసి ఎంపీగా ఉన్నది పదేళ్ళే అని రాసేస్తుంటారు. రెండూ కలిపితే పదహారేళ్ళు.

ఆమె సినిమాలు చూడటం ఎక్కడ మొదలుపెట్టాలి?

సిరిసిరిమువ్వ చూసిన వారంలోపే సర్గమ్ చూడండి, ఒకే దర్శకుడి చేతిలో ఒకే పాత్ర మూడేళ్ళ తేడాతో ఎలా మారిందో తెలుస్తుంది. తర్వాత దేవత, తోఫా జంటగా. అక్కడ అయితే ఆమెను మాత్రమే గమనించండి, తెలుగులో మాట మీద నడిచిన సన్నివేశం హిందీలో చూపు మీదికి ఎలా జరిగిందో కనిపిస్తుంది. అంతులేని కథ, సాగరసంగమం తీరిగ్గా, ఒక్కో రోజు ఒక్కోటి. ప్రణయం చివర్లో చూడండి. అంతులేని కథలో సరితను చూసి ఉంటే, ముప్పై అయిదేళ్ళ తర్వాత ఆ ముఖం మీద ఎంత జీవితం చేరిందో కనిపిస్తుంది.